సూర్యాపేట వీథులలో చీనా వంట

సాయంకాలము దీపములు వెలుగు వేళకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో ఏ ప్రధాన వీథి వెంట నడచినను ఒకే దృశ్యము కానవచ్చును. తోపుడుబండిపై మంటలెగయు గ్యాసుపొయ్యి, దానిపై వెడల్పాటి యినుప బాణలి, బాణలిలో గరిటె మ్రోత, ముందు ఎఱ్ఱని యక్షరములతో ‘చైనీస్ ఫాస్ట్ ఫుడ్’ అను పలక. ఫ్రైడ్ రైసు, నూడిల్సు, గోబీ మంచూరియా యను పేరులు నేడు మన పిల్లల నోట పులిహోర, దద్ధ్యోజనముల కంటె ముందుగా వచ్చుచున్నవి. ఒకప్పుడు హైదరాబాదు, సికింద్రాబాదులలోని పెద్ద భోజనశాలలకు పోయినగాని దొరకని యీ పదార్థములు నేడు జాతీయ రహదారిని బట్టి దిగివచ్చి మండల కేంద్రములవఱకు వ్యాపించినవి.

దీనిని గూర్చి సంపాదకీయము వ్రాయవలసినంత యేమున్నదని కొందఱు పాఠకులు అడుగవచ్చును. సూర్యాపేట మఱియొక పట్టణమైనచో మేమును ఇంత దూరము ఆలోచింపకపోదుము. కాని 2020 జూన్ 15వ తేదీ రాత్రి లదాఖులోని గల్వాన్ లోయలో చీనా సైనికులతో జరిగిన పెనుగులాటలో ఇరువదిమంది భారత సైనికులు ప్రాణములర్పించిరి. వారి నాయకుడు, 16వ బీహార్ దళమునకు అధిపతియైన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు, ఈ సూర్యాపేట బిడ్డ. విజయనగరము చెంత కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి సైన్యమున చేరిన ఆయనకు మరణానంతరము మహావీరచక్ర బిరుదము లభించినది. 2021 జూన్ మాసమున ఆయన విగ్రహము సూర్యాపేట కూడలిలో నిలుపబడినది. ఆ వీరుని విగ్రహమున్న పట్టణమునందే, ప్రొద్దుక్రుంకగనే చీనా పేరు తగిలించుకొన్న బండ్లు వరుసలు తీరుట దేశాభిమానమునకు లోపము కాదా యని యెవరైన నడిగినచో ఏమి చెప్పవలెను?

ఈ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. కన్నబిడ్డను పోగొట్టుకొన్న ఊరు అడుగదగిన ప్రశ్నయే యది. కావున మేము దానికి సూటిగా ప్రత్యుత్తరము చెప్పదలచితిమి. ఆ బండిమీద పేరు మాత్రమే చీనాది, తక్కినదంతయు మనది. పేరు చూచి బండివానిపై కోపించుట వీరుని స్మృతికి పూజ కాదు. అట్టి కోపమే పూర్వమొకమాఱు మన దేశముచేత గొప్ప యన్యాయమును చేయించినది. అది తెలిసినవారు మరల దానికి తావీయరు.

గల్వాన్ వార్త వచ్చిన మూడుదినములలోనే కేంద్ర సహాయమంత్రి రాందాస్ అథావలే చీనా వంటకములమ్ము భోజనశాలలను నిషేధింపవలెననియు, ప్రజలు ఆ వంటకములను బహిష్కరింపవలెననియు పిలుపునిచ్చిరి. దేశమంతయు శోకమున మునిగియున్న ఆ దినములలో అట్టి మాట నోటినుండి వెడలుట మానవ సహజమే. కాని ఆ శోకము గడచి సంవత్సరములైన పిమ్మట ఆ మాటను నిలువబెట్టి పరీక్షించుట మన విధి. బహిష్కారమనునది మన జాతికి క్రొత్త కాదు. 1905లో వంగదేశ విభజన సందర్భమున లేచిన స్వదేశీ యుద్యమము మన పెద్దలకు ఒక తూకపుఱాయిని చేతికిచ్చినది. మనము కొను వస్తువు ఎవని చేతిపని? దాని లాభము ఎవని యింటికి చేరుచున్నది? దానివలన మన పనివాని పొయ్యి వెలుగుచున్నదా, ఆఱుచున్నదా? ఈ మూడు ప్రశ్నలే స్వదేశీ సూత్రము. ఆ తూకముతోనే ఈ పళ్లెమును తూచి చూతము.

మొదట బియ్యము. మిర్యాలగూడ బియ్యపుమిల్లులు దేశమంతట పేరొందినవి. సాగరు ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల రైతులు పండించిన ధాన్యమే యచ్చట బియ్యమగుచున్నది. బాణలిలో వేగు మెతుకు మన పాఠకులలో ఒకరి పొలమునుండి వచ్చినదైనను ఆశ్చర్యము లేదు. గ్రుడ్లు, కోళ్లు మన కోళ్ల ఫారములవి. గ్రుడ్ల యుత్పత్తిలో ఉభయ తెలుగు రాష్ట్రములును దేశమున అగ్రశ్రేణిలోనివి. ముద్ద చిక్కబడుటకు కలుపు పిండి మొక్కజొన్నది. ఆ పంట తెలంగాణ మెట్టచేలకు సుపరిచితము. సోయా సాసు సైతము ఈ దేశపు కార్ఖానలలో తయారగుచున్నది. గరిటె త్రిప్పువాడు మన దేశపు కూలివాడు. చేతిలో పడు రూపాయి సాయంకాలమునకు మన కిరాణా కొట్టునకే చేరుచున్నది. స్వదేశీ తూకమున ఈ పళ్లెము తేలిపోవుట లేదు.

ఇక పేరు. మంచూరియా యనునది చీనాకు ఈశాన్యమున నున్న భూభాగము. గోబీ మంచూరియా యన నెట్టిదో అచ్చటి వారెఱుగరు. ఈ వంటకమునకు మూలపురుషుడని చెప్పబడు నెల్సన్ వాంగు కలకత్తాలో పుట్టిన చీనా సంతతివాడు. ఆయన 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బున వండుచుండగా, క్రొత్తది యేదైన చేయుమని అడిగినవారికొఱకు మన యింటి తాలింపువలెనే అల్లము, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, గరము మసాలాకు మాఱుగా సోయా సాసును, మొక్కజొన్నపిండిని చేర్చి కోడి తునకలను వండెననియు, అదియే చికెన్ మంచూరియా యైనదనియు ప్రసిద్ధి. శాకాహారులు కోడికి బదులు కాలీఫ్లవరును పెట్టుకొనిరి. ఆ కాలీఫ్లవరు ఆంగ్లేయుల కాలమున ఐరోపానుండి వచ్చినది. అందులోని మిర్చి పోర్చుగీసు ఓడలపై అమెరికానుండి వచ్చినది. ‘షెజ్వాన్’ అని బండిపై వ్రాయబడు సిచువాన్ రాష్ట్రపు కారమునకును ఆ యమెరికా మిర్చియే మూలము. పరదేశమునుండి వచ్చిన దానిని విడువవలెనన్నచో ముందు మన గుంటూరు మిరపకాయను, మన టొమాటో పప్పును విడువవలసివచ్చును. తెలుగువాని నాలుక పరాయిదానిని కొంత కాలము పరీక్షించి, తన కారము, తన పులుపు దానికి పట్టించి, పిమ్మట తనదిగా చేసికొనుచున్నది. మంచూరియా విషయమునను జరిగినది ఇదియే.

పేరు చీనాదేయైనను, ఆ పేరు ఈ ప్రాంతమునకు నిన్న మొన్న వచ్చినది కాదు. నాగార్జునకొండ లోయలో 1926లో శిథిలములు బయలుపడిన పిమ్మట దొరకిన శాసనములలో ఒకటి యిక్ష్వాకురాజు వీరపురుషదత్తుని పదునాలుగవ యేటిది; అనగా క్రీస్తు తరువాత మూడవ శతాబ్దమునాటిది. బోధిసిరి యను ఉపాసిక సింహళ భిక్షువులకు కట్టించియిచ్చిన చైత్యగృహమును అది పేర్కొనుచున్నది. ఆ భిక్షువుల ధర్మప్రచారము వలన ప్రసన్నములైన దేశముల జాబితాలో కాశ్మీర, గాంధార, వంగ, యవన, ద్రవిడ దేశములతోపాటు ‘చీన’ అను పేరును చెక్కబడియున్నది. కృష్ణ యొడ్డున నొక గృహిణి వేయించిన ఱాతిమీద చీనా పేరు పదునేడు శతాబ్దములకు పూర్వమే వెలసినదన్నమాట. ఆ లోయ నేడు నీటి క్రింద నున్నది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము ఆ విహారములను ముంచినది. అందలి శాసనములను, శిల్పములను కొండపైని ప్రదర్శనశాలకు తరలించిరి. 1967లో కాలువలకు వదలిన ఆ జలాశయపు నీరే నేటి మిర్యాలగూడ, కోదాడల వరిపొలములను తడుపుచున్నది. చీనా పేరు చెక్కిన విహారభూమిని ముంచిన నీటితో పండిన బియ్యమే చీనా పేరుగల బండిమీద వేగుచున్నది. మన ప్రాంతపు చరిత్ర యంతయు ఆ పళ్లెమున నున్నదని చెప్పిన నది యతిశయోక్తి కాదు.

సూర్యాపేట జిల్లాలోనే యున్న ఫణిగిరి బౌద్ధక్షేత్రపు శిల్పములు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలకు పోయి లోకమును ముగ్ధపఱచినవి. ఏ యాచార్యుని పేర నాగార్జునకొండ వెలసినదో, ఆ నాగార్జునుని మూలమధ్యమకకారికను కుమారజీవుడు 409లో చీనా భాషలోనికి మార్చెను. ఆ భాషాంతరమును బట్టియే చీనా, జపాను దేశములలో ఒక దర్శన సంప్రదాయము నిలిచినది. ఏడవ శతాబ్దమున హుయాన్‌త్సాంగు ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున నాగి, ఇచ్చటి భిక్షువుల యొద్ద అభిధర్మ గ్రంథములను చదువుకొని పోయెను. మనము వారికి గురువులమైతిమి; వారు మన చరిత్రకు సాక్షులైరి. మతముతో పాటు సరకులును నడచినవి. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవులో ఓడవర్తకులకు అభయమిచ్చి వేయించిన శాసనమున సుంకము విధింపబడిన సరకులలో చీనా కర్పూరమును ఉన్నది. పట్టుబట్టలను చీని చీనాంబరములని నేటికిని అనుచున్నాము. నల్లగొండ తోటలలో మనము బత్తాయి యను పండును రాయలసీమ వారు చీనీ యనుచున్నారు. ఇన్ని యుగములుగా మన నోటనున్న పేరు గల్వానుతో శత్రువు పేరు మాత్రమే యైపోవునా?

ఇక మేము పైని సూచించిన అన్యాయమును గూర్చి చెప్పవలెను. భారతదేశపు చీనా వంట చీనానుండి నేరుగా దిగుమతియైనది కాదు. కలకత్తాలో కాపురమున్న చీనా కుటుంబముల పొయ్యిమీద పుట్టినది. వారన్ హేస్టింగ్సు కాలమున టాంగ్ అచ్యూ యనునతడు హుగ్లీ యొడ్డున భూమి పొంది చెఱకుతోట, చక్కెర కర్మాగారము పెట్టెను; ఆ యూరు నేటికిని ఆయన పేర అచిపూరుగా నిలిచియున్నది. తరువాతి కాలములలో తోళ్ల పనివారు, వడ్రంగులు, దంతవైద్యులు వచ్చి చేరిరి. హైదరాబాదువారును చీనా దంతవైద్యులను చాలకాలముగా ఎఱుగుదురు. కలకత్తా వీథులలో వీరు తమ వారికై తెఱచిన చిన్న వంటశాలలే మనదేశపు చీనా భోజనశాలలకు మాతృకలు. 1996లో సుప్రీముకోర్టు తోళ్ల పరిశ్రమలను నగరమునుండి తొలగింపుమన్న పిమ్మట, టాంగ్రాలోని హక్కా కుటుంబములలో అనేకులు తోళ్ల తొట్లను విడిచి భోజనశాలలు నడుపుకొనిరి. ‘హక్కా నూడిల్సు’ అని మన బండ్లమీద కనబడు మాట వారి జాతి నామమే.

1962 అక్టోబరులో చీనా మన సరిహద్దులమీద పడినది. అది ద్రోహము, ఆ యోటమి గాయము నేటికిని మానలేదు. కాని యుద్ధముచేసిన పెకింగు ప్రభుత్వమును ఏమియు చేయలేని మన కోపము, ఇంటిలోనున్న చీనా సంతతివారిపై తిరిగినది. అస్సాము, షిల్లాంగు, దార్జిలింగు ప్రాంతములనుండి దాదాపు మూడువేలమందిని, ముసలివారిని, స్త్రీలను, పసిపిల్లలను సైతము రైళ్లకెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ నిర్బంధ శిబిరమునకు కొనిపోయిరి. వారిలో ఈ దేశముననే పుట్టి, ఈ దేశపు భాషలే మాటలాడువారు అనేకులు. కొందఱు 1967 వఱకు ఆ చెఱలోనే యుండిరి. విడుదలయై వచ్చునప్పటికి కొందఱి యిండ్లు, దుకాణములు పరుల పాలైనవి. పలువురు కెనడా మున్నగు దేశములకు వలసపోయిరి. వారిని విచారించి నేరము స్థాపించి శిక్షించినది కాదు. ముఖమును, పేరును చూచి శిక్షించిరి. ఆంగ్లేయుడు రౌలట్ శాసనముతో విచారణ లేక మనలను చెఱబెట్టిననాడు మనము దేశమంతయు లేచితిమి. ఆ న్యాయమునే మన యింటివారికి మనము చేయకపోతిమని యొప్పుకొనుట దేశాభిమానమునకు కొఱత కాదు.

ఈ మాట గతమునకు మాత్రమే చెందినది కాదు. తెలుగు పట్టణముల వంటశాలలలో ఈశాన్య రాష్ట్రములనుండి, నేపాలునుండి వచ్చిన యువకులును పనిచేయుచున్నారు. వారి ముఖము చూచి ‘చైనావాడు’ అని పిలుచుట కొందఱికి పరిహాసము. అట్టి పరిహాసమే 2014 జనవరిలో ఢిల్లీ నగరమున అరుణాచలప్రదేశ్ విద్యార్థి నిడో తానియా ప్రాణమును తీసినది. అతని కేశములను ఎగతాళి చేయుటతో మొదలైన కలహము దెబ్బలతో ముగిసెను. చీనా తనదని వాదించుచున్న అరుణాచలము మాదియని మనము ప్రపంచమునకు చాటుచున్నాము. అట్టివారము ఆ నేలబిడ్డను శత్రువు పేరుపెట్టి పిలిచినచో మన వాదమును మనమే కొట్టివేసికొనుచున్నాము. సంతోష్ బాబు కాపాడినది సరిహద్దు గీత. ఆ గీతకు ఇవతలనున్న ప్రతి మనుష్యుడును మనవాడని యొప్పుకొననివాడు ఆ గీతను చెఱిపినవాడే యగును.

అట్లని చీనా ప్రభుత్వపు దురాక్రమణను ఉపేక్షింపుమని మేము చెప్పుట లేదు. నిజమైన స్వదేశీ పరీక్ష మఱియొకచోట నున్నది. 2023-24 ఆర్థిక సంవత్సరమున చీనానుండి మనము తెప్పించుకొన్న సరకుల విలువ పదివేల కోట్ల డాలర్లకు మించినది. మనము వారికి అమ్మినది 1,700 కోట్ల డాలర్లకు లోపు. ఔషధములకు వలయు ముడిపదార్థములు, విద్యుత్పరికరములు, యంత్రభాగములు ఇందులో చేరియున్నవి. నూడిల్సు బండిని తిట్టుచున్న చేతిలోని టెలిఫోను ఎచ్చట తయారైనదో ముందు త్రిప్పి చూచుకొనవలెను. కర్మాగారములు పెట్టుట కష్టము, పెట్టుబడి కావలెను, దీక్ష కావలెను. బీద బండివానిని అదలించుట సులభము. సులభమైన పనిని దేశసేవ యనుకొనుట ఆత్మవంచన.

బండ్లను గూర్చి కోపింపదగిన విషయమే లేదా? ఉన్నది, అది పేరును గూర్చినది కాదు, శుచిని గూర్చినది. అజినమోటో యను ఉప్పును గూర్చి మన వీథులలో భయము మెండు. దానిని 1908లో కనిపెట్టినవాడు జపాను దేశపు ఇకెడా పండితుడు; చీనాకు దానితో పుట్టుక సంబంధము లేదు. 1968లో అమెరికా వైద్యపత్రికలో వెలువడిన ఒక లేఖతో ‘చీనా భోజనశాల జబ్బు’ అను పేరు పుట్టినది. పిమ్మటి పరీక్షలలో మితముగా వాడిన దానివలన అట్టి జబ్బు కలుగునని స్థిరపడలేదు. నిజమైన యపాయము వేఱు: మంచూరియాను ఎఱ్ఱగా చేయుటకు కలుపు రంగులు, పలుమాఱులు మఱగిన నూనె, మురుగు ప్రక్కన నిలువచేసిన నీరు. పరీక్షలలో హానికరమైన రంగులు బయటపడినందున 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము గోబీ మంచూరియాలో కృత్రిమవర్ణములను నిషేధించినది. అదే సంవత్సరము అక్టోబరులో హైదరాబాదున మోమోలు తిని పలువురు జబ్బుపడి ఒక స్త్రీ మరణించిన పిమ్మట, పచ్చిగ్రుడ్డుతో చేయు మయొనైజును తెలంగాణ ప్రభుత్వము ఒక సంవత్సరము నిషేధించినది. ఆపద వచ్చిన పిమ్మట నిషేధించుట ఉపాయము కాదు. రాకుండ చూచుట ఉపాయము.

2014వ సంవత్సరపు వీథి వర్తకుల చట్టము బండివానికి హక్కునిచ్చినది, పురపాలక సంఘమునకు బాధ్యత నిచ్చినది. ప్రతి పట్టణమున వర్తకసంఘము ఏర్పడవలెననియు, అందు నూటికి నలుబదిమందికి తక్కువ కాకుండ వర్తకుల ప్రతినిధులే యుండవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పురపాలకుల నుండి మేము కోరునది దానిని మించినది కాదు. బండ్లకు నిర్ణీతస్థలము చూపింపుడు. అచ్చట మంచినీటి కొళాయి, మురుగు కాలువ, దీపము ఏర్పాటుచేయుడు. నూనెను, రంగులను తఱచుగా పరీక్షించి, మొదటి తప్పునకు బోధించి, రెండవ తప్పునకు శిక్షింపుడు. అకస్మాత్తుగా బండ్లను లాఱీలకెత్తించి ఒక కుటుంబపు జీవనమును చెత్తకుప్పలో పడవేయుట పాలన యనిపించుకొనదు. భూస్వాములును, పట్టణప్రముఖులును తమ పిల్లలతో ఆ బండ్ల ముందర నిలుచువారే కావున, శుచికై పట్టుపట్టుట వారి విధి. కొనువాడు అడిగినగాని అమ్మువాడు మాఱడు.

ఉపాధ్యాయులకు మఱియొక మనవి. పిల్లలను ఏటికొకమాఱు ఫణిగిరికిని, నాగార్జునకొండ ప్రదర్శనశాలకును కొనిపోవుడు. చీనా పేరు మన ఱాళ్లపై ఏల చెక్కబడినదో చెప్పుడు. తిరిగివచ్చునప్పుడు సూర్యాపేట కూడలిలో ఆ వీరుని విగ్రహము ముందర నిలువబెట్టి గల్వాన్ కథ చెప్పుడు. దేవ్‌లీ శిబిరపు కథను సైతము దాచక చెప్పుడు. ఈ మూడును ఎఱిగిన బాలుడు తన సరిహద్దును గట్టిగా కాపాడును. తన పొరుగువానిని అవమానింపడు. ఆ సాయంకాలము వాడు ప్లేటు నూడిల్సు తిన్నను, దేశమునకు వచ్చిన లోపమేమియు లేదు.